వంగే సెన్సర్ పట్టీపై పాలీఅనిలీన్ పొరను విద్యుత్తుతో పెంచే పద్ధతి

పాలీఅనిలీన్ అనే వాహక పాలిమర్‌ను ప్లాస్టిక్ పట్టీ మీద సన్నని పొరగా పెంచి, దానితో పీహెచ్ కొలిచే సెన్సర్‌ను తయారుచేసుకోవడం ఎలాగో ఈ వ్యాసంలో వివరిస్తున్నాను. విజయవాడ, గుంటూరు ప్రాంతాల కళాశాలల్లో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులనూ, వారికి దారి చూపే అధ్యాపకులనూ మనసులో పెట్టుకొని రాస్తున్నందువల్ల, ఇక్కడ దొరికే సామగ్రికీ ఇక్కడి ఎండకూ తగినట్టు పద్ధతిని సర్దాను. పాలిమర్ ద్రావణాన్ని పూసి ఆరబెట్టడం కంటే విద్యుత్తుతో పొరను పెంచడంలో ఒక పెద్ద మేలుంది: పొర ఎప్పుడు మొలకెత్తిందో, ఎంత పెరిగిందో, ఎక్కడ చెడడం మొదలైందో కంప్యూటరు తెర మీది వక్రరేఖ ఎప్పటికప్పుడు చెబుతూనే ఉంటుంది. ఆ రేఖను చూసి ఎక్కడ ఆపాలో తెలుసుకోవడమే ఈ పనిలో అసలు నేర్పు. ఇరవై చుట్లు (వోల్టేజీని ఒక హద్దు వరకు పెంచి మళ్లీ దించితే ఒక చుట్టు) తిప్పమని ఎక్కడో చదివి, ఇరవై లెక్కపెట్టి లేచిపోయేవారి పట్టీల్లో ఒకదానికీ మరొకదానికీ పొంతన కుదరదు.

ఈ రసాయనం కొత్తదేమీ కాదు. గంధకికామ్లంలో (సల్ఫ్యూరిక్ ఆమ్లంలో) కలిపిన అనిలీన్‌ను విద్యుత్తుతో ఆక్సీకరించి, ప్లాటినం ఎలక్ట్రోడ్ మీద నీలి నలుపు పదార్థం ఏర్పడడాన్ని 1862లోనే లండన్‌లో హెన్రీ లెథబీ గమనించాడు. అయితే ఇటువంటి పదార్థాలు విద్యుత్ వాహకాలుగా పనికొస్తాయన్న దృష్టి 1977లో హీగర్, మెక్‌డయార్మిడ్, షిరకావా బృందం అయోడిన్ చేర్చిన పాలీఅసిటిలీన్ మీద చేసిన పరిశోధన తరువాతే బలపడింది. ఆ ముగ్గురికీ 2000లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. మధ్యలో 1979లో ఐబీఎం పరిశోధకుడు డియాజ్, ఆయన సహచరులు పాలీపైరోల్‌ను విద్యుత్తుతో గట్టి పొరగా పెంచి చూపారు. నేటి పద్ధతికి నేరుగా పునాది వేసింది ఆ పని.

దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు

పాలీఅనిలీన్‌కు ప్రోటాన్లను తీసుకొని విడిచిపెట్టే గుణం ఉంది. ఆమ్ల ద్రావణంలో అది ప్రోటాన్లు పట్టుకున్న ఆకుపచ్చని లవణ రూపంలో, మంచి వాహకంగా ఉంటుంది. క్షారం తగిలితే ప్రోటాన్లు వదిలేసి నీలి రంగుకు మారి, వాహకతను దాదాపు పూర్తిగా కోల్పోతుంది. పీహెచ్ మారినకొద్దీ పొర వోల్టేజీ కూడా మారుతుంది కాబట్టి దాన్ని సెన్సర్‌గా వాడుకోగలుగుతున్నాం. పీహెచ్ 4 దాటినప్పటినుంచి వాహకత పడిపోతూ వచ్చినా, వోల్టేజీ స్పందన మాత్రం ఇంచుమించు 8 వరకు నమ్మదగినట్టుగా ఉంటుంది.

ఈ ప్రాంతంలో సెన్సర్ అనగానే విద్యార్థులందరి చూపూ రొయ్యల చెరువుల మీదికి పోతుంది. నా ఉద్దేశంలో ఈ పొరకు అది సరైన చోటు కాదు. చెరువు నీటి పీహెచ్ మామూలుగానే 7.5 నుంచి 8.5 మధ్య ఉంటుంది. నీటిలోని నాచు ఎండ వేళ కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకోవడం వల్ల మధ్యాహ్నానికి అది 9 వరకూ ఎక్కవచ్చు. అంటే రైతుకు కొలత ఎక్కువగా అవసరమయ్యే వేళకే మన పొర చేతులెత్తేస్తుంది. మనిషి చెమట పీహెచ్ సాధారణంగా 4.5 నుంచి 7 మధ్య ఉంటుంది. పాలీఅనిలీన్ బాగా పనిచేసే పరిధి సరిగ్గా ఇదే. పైగా చర్మానికి అంటుకొని వంగవలసిన అవసరం కూడా ఇక్కడే ఉంది. బెజవాడ వేసవిలో నమూనాకు లోటు ఉండదు. అందువల్ల చెమట పట్టీనే లక్ష్యంగా పెట్టుకొని మిగతా వివరాలు చెబుతాను.

పట్టీ తయారీ

వంగే వాహక పట్టీ అనగానే చాలామంది ఇండియం టిన్ ఆక్సైడ్ పూసిన పారదర్శక ప్లాస్టిక్‌ను కొంటారు. పొర రంగు మారడాన్ని కంటితో చూపించవలసిన ప్రదర్శనకు అది బాగుంటుంది. అయితే ఆ ఆక్సైడ్ పెళుసైనది, ఆమ్లంలో ఎక్కువసేపు ఉంటే నెమ్మదిగా కరిగిపోయే స్వభావం కూడా దానికి ఉంది. ఎంత పెళుసో ఒక చిన్న లెక్క చెబుతుంది. పట్టీని ఒక గుండ్రని వస్తువు చుట్టూ చుట్టినప్పుడు దాని పై ముఖం సాగే శాతం, పట్టీ మందాన్ని ఆ వస్తువు వ్యాసంతో భాగిస్తే సుమారుగా వస్తుంది. 0.1 మిల్లీమీటర్ల మందం ఉన్న ఓహెచ్‌పీ షీటును (ప్రొజెక్టర్ మీద వాడే పారదర్శక పాలిస్టర్ షీటును) 10 మిల్లీమీటర్ల వ్యాసం గల మార్కర్ పెన్ను చుట్టూ చుడితే, ఆక్సైడ్ పై వైపున ఉన్నప్పుడు అది 1 శాతం సాగవలసి వస్తుంది. ఆక్సైడ్‌లో సన్నని బీటలు మొదలయ్యేది దాదాపు ఈ స్థాయిలోనే. మణికట్టు మీద ఇంత వంపు రాకపోయినా, పట్టీని వేళ్లతో ఊడదీసేటప్పుడు తప్పకుండా వస్తుంది.

కాబట్టి ఓహెచ్‌పీ షీటు మీద కార్బన్ సిరాతో అచ్చువేసిన ఎలక్ట్రోడ్లనే సిఫారసు చేస్తాను. అచ్చుకు పేరున్న ఊళ్లో ఇది కష్టమైన పని కాదు. విజయవాడలోనైనా గుంటూరులోనైనా శుభలేఖలు, విజిటింగ్ కార్డులు వేసే స్క్రీన్ ప్రింటింగ్ వారి దగ్గర మెష్, స్క్వీజీ, ఫ్రేము అన్నీ సిద్ధంగా ఉంటాయి; సిరా మాత్రం మీరే తీసుకువెళ్లాలి. అది విద్యుత్ వాహక కార్బన్ సిరా అని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉండాలి, ఎందుకంటే నల్లగా ఉన్న ప్రతి సిరా వాహకం కాదు, అచ్చువేసేవారి మామూలు నల్ల సిరాలో బంకపాలు ఎక్కువగా ఉండి విద్యుత్తు పారదు. అంతకుముందు వాడిన రంగు మెష్‌లో మిగలకుండా కడిగించి, మీ కళ్ల ముందే అచ్చు వేయించుకోవడం మంచిది. ఆరబెట్టే ఉష్ణోగ్రత విషయంలో సిరా తయారీదారు సూచననే పాటించాలి. పాలిస్టర్ షీటు 80 డిగ్రీల దగ్గరే మెత్తబడడం మొదలుపెడుతుంది కాబట్టి, ఎక్కువ వేడి కోరే సిరా అయితే లేజర్ ప్రింటర్ వేడిని తట్టుకునే రకం షీటును వాడాలి.

అచ్చు ఆకృతి సాదాగానే ఉండవచ్చు. ఒక కొసన 5 మిల్లీమీటర్ల చదరం, దాని నుంచి 2 మిల్లీమీటర్ల వెడల్పున్న తోక, రెండో కొసన క్లిప్పు పట్టుకోవడానికి కాస్త వెడల్పైన ముక్క ఉంటే చాలు. చదరం వైశాల్యం 0.25 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. తోక భాగం ద్రావణంలో మునిగి అక్కడ కూడా పొర పెరిగితే వైశాల్యం లెక్క తప్పుతుంది కనుక, చదరానికి పైన ఉన్న తోక మీద మామూలు నెయిల్ పాలిష్‌ను రెండు పూతలు వేసి, మొదటి పూత పూర్తిగా ఆరాకే రెండోది వేయాలి. పలుచని ఆమ్లాన్ని అది బాగానే తట్టుకుంటుంది.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. మల్టీమీటరు ముల్లు ఒకటి చదరం మీద, రెండోది క్లిప్పు పట్టే చోట పెట్టి నిరోధం కొలవండి. అది 500 ఓమ్‌లు ఉందనుకుందాం. పొర పెరిగేటప్పుడు 0.1 మిల్లీఆంపియరు ప్రవహిస్తే, ఆ తోకలోనే 50 మిల్లీవోల్టులు పోతాయి. ప్రవాహం పెరిగి 0.4 మిల్లీఆంపియరు అయితే 200 మిల్లీవోల్టులు. పొటెన్షియోస్టాట్ (ఎలక్ట్రోడ్‌కు కోరిన వోల్టేజీని ఇచ్చి అదుపులో ఉంచే పరికరం) 0.9 వోల్టు ఇస్తున్నానని చూపిస్తున్నా పొరకు అందేది 0.7 మాత్రమే అవుతుంది. వక్రరేఖలోని శిఖరాలు పక్కకు జరిగి, చదునుగా కనిపించడానికి తరచుగా ఇదే కారణం, రసాయనాల దోషం కాదు. నెయిల్ పాలిష్ అంచుకు కాస్త పైనుంచి క్లిప్పు వరకు వెండి పెయింటు గీత గీస్తే ఈ నష్టం బాగా తగ్గుతుంది. రాగి టేపు కూడా వాడవచ్చు గాని, అది ఏ పరిస్థితిలోనూ ద్రావణానికి తగలకూడదు. తగిలితే రాగి కరిగి, ఆ ప్రవాహమే తెర మీద పొర పెరుగుదల లాగా కనిపించి మోసం చేస్తుంది.

అచ్చు వేసిన కార్బన్ మీద సిరా బంక పలుచగా కప్పుకొని ఉంటుంది, వేళ్ల జిడ్డు కూడా చేరుతుంది. అసిటోన్‌తో తుడిస్తే సిరాయే ఊడివస్తుంది కనుక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో ఒకసారి మెత్తగా అద్ది, నీటితో కడగాలి. ఆ తరువాత అనిలీన్ లేని 0.5 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో −0.2 నుంచి 1.0 వోల్టు వరకు వరుసగా చుట్లు తిప్పాలి. మొదటి చుట్లు ఒకదానికొకటి తేడాగా వచ్చినా, కాసేపటికి ఒకదాని మీద ఒకటి పడతాయి. అప్పుడే ఉపరితలం సిద్ధమైనట్టు. శుభ్రం కాకముందు చదరం మీద నీటి బొట్టు గుండ్రంగా నిలబడితే, తరువాత అదే బొట్టు పరుచుకుంటుంది. ఈ రెండు గుర్తులూ కనిపించేవరకు ముందుకు వెళ్లకూడదు. పొర మచ్చలు మచ్చలుగా పెరిగిందని తరువాత బాధపడేవారిలో ఎక్కువమంది ఈ దశను తొందరగా దాటినవారే.

ద్రావణం

సీసాలోని అనిలీన్ ముదురు గోధుమ రంగులో ఉంటే దాన్ని అలాగే వాడకూడదు. గాలి, వెలుతురు తగిలి ఆక్సీకరణం చెందిన అనిలీన్‌లోని మలినాలు పొరలోకి చేరి దాని వాహకతను తగ్గిస్తాయి. చిటికెడు జింకు పొడి వేసి, తగ్గించిన పీడనం వద్ద స్వేదనం చేసి, లేత పసుపు రంగులోనో పూర్తిగా రంగు లేకుండానో వచ్చిన భాగాన్ని ముదురు రంగు సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచుకోవాలి. మన వేడికి బల్ల మీద వదిలేస్తే మళ్లీ రంగు ఎక్కడానికి ఎంతో సమయం పట్టదు.

అనిలీన్ విషపదార్థం. ఆవిరిగా పీల్చినా, చర్మం ద్వారా ఒంట్లోకి ఇంకినా రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మారుస్తుంది. పెదవులు, గోళ్లు నీలిబారడం దాని లక్షణం. నైట్రైల్ చేతొడుగులు వేసుకొని ఫ్యూమ్ హుడ్‌లోనే కొలవాలి. చేతొడుగు మీద బొట్టు పడితే తుడుచుకొని పని సాగించకుండా వెంటనే దాన్ని మార్చాలి. ల్యాబ్‌లో ఉక్కపోతగా ఉందని హుడ్ ఆపి ఫ్యాన్ కింద కూర్చొని కొలిచే అలవాటును అధ్యాపకులు మొదటి రోజే మాన్పించాలి.

100 మిల్లీలీటర్ల ద్రావణానికి ముందుగా 80 మిల్లీలీటర్ల శుద్ధజలం తీసుకొని, అందులో 2.7 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని బొట్లు బొట్లుగా కలుపుతూ పోయాలి. ఆమ్లంలో నీటిని మాత్రం ఎన్నడూ పోయకూడదు. అది పూర్తిగా చల్లారాక 0.91 మిల్లీలీటర్ల అనిలీన్ కలపాలి. అనిలీన్ పడినచోట తెల్లని స్ఫటికాలు తేలడం చూసి ద్రావణం పాడైందనుకోనవసరం లేదు. అది అనిలీన్ సల్ఫేట్ లవణం, కలుపుతూ ఉంటే కరిగిపోతుంది. చివరగా 100 మిల్లీలీటర్ల గీత వరకు నీరు పోస్తే, 0.5 మోలార్ ఆమ్లంలో 0.1 మోలార్ అనిలీన్ తయారవుతుంది. నైట్రోజన్ వాయువును పది, పదిహేను నిమిషాలు ద్రావణంలోకి బుడగలుగా పంపితే కరిగివున్న ఆక్సిజన్ పోతుంది. నైట్రోజన్ అందుబాటులో లేకపోతే ద్రావణాన్ని అప్పటికప్పుడు చేసుకొని, ఆ రోజే వాడాలి. నీటి విషయంలో రాజీ పడకూడదు. బోరు నీటిలో క్లోరైడ్‌లు, కాల్షియం ఎక్కువ. బ్యాటరీల కోసం అమ్మే నీటి నాణ్యత కూడా సీసాకొక రకంగా ఉంటుంది.

మే నెలలో విజయవాడలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఏసీ లేని ల్యాబ్‌లో ద్రావణం 35 డిగ్రీలకు చేరడం మామూలే. ఆ వేడిలో పొర త్వరగా పెరుగుతుంది గాని, అంతే త్వరగా చెడుతుంది కూడా. పెద్ద బేసిన్‌లో నీళ్లు పోసి, అప్పుడప్పుడు ఐసు ముక్కలు వేస్తూ, సెల్‌ను అందులో నిలబెట్టి 25 డిగ్రీల దగ్గర ఉంచితే ఏడాది పొడవునా చేసిన పట్టీలను ఒకదానితో ఒకటి పోల్చుకోవచ్చు.

పొర పెంచడం

సెల్‌లో మూడు ఎలక్ట్రోడ్లు ఉంటాయి. మన కార్బన్ పట్టీ వర్కింగ్ ఎలక్ట్రోడ్. ప్లాటినం తీగ గాని, గ్రాఫైట్ కడ్డీ గాని కౌంటర్ ఎలక్ట్రోడ్. దాని వైశాల్యం పట్టీ కంటే ఎక్కువగా ఉండాలి. 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ నింపిన సిల్వర్–సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్ రిఫరెన్స్, ఈ వ్యాసంలోని వోల్టేజీలన్నీ దానితో పోల్చి చెప్పినవే. రిఫరెన్స్‌గా కాలమెల్ ఎలక్ట్రోడ్ వాడేవారు ప్రతి విలువలోనూ సుమారు 0.03 వోల్టు తగ్గించుకోవాలి. రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ కొసన గాలి బుడగ ఉందేమో ముందే చూసి, వేలితో తట్టి పోగొట్టాలి. బుడగ ఉంటే పొటెన్షియోస్టాట్ అదుపు తప్పి పట్టీ మీద ఇష్టం వచ్చినంత వోల్టేజీ పెడుతుంది, క్షణాల్లో పట్టీ పాడవుతుంది.

సైక్లిక్ వోల్టామెట్రీలో వోల్టేజీని −0.2 నుంచి 0.9 వరకు పెంచి, మళ్లీ −0.2కు దించే ఏర్పాటు చేసి, వేగాన్ని సెకనుకు 50 మిల్లీవోల్టులుగా పెట్టండి. ఈ వేగంతో ఒక చుట్టుకు 44 సెకన్లు పడుతుంది. మొదటి చుట్టులో 0.7 వరకు దాదాపు ఏమీ జరగదు. ఆ పైన ప్రవాహం ఒక్కసారిగా లేస్తుంది. అనిలీన్ అణువులు ఆక్సీకరణం చెంది, ఒకదానితో ఒకటి జతకట్టి, కార్బన్ మీద తొలి మొలకలుగా దిగుతున్నాయని దాని అర్థం. తిరుగు దారిలో ప్రవాహం వెళ్లిన దారి కంటే ఎక్కువగా ఉండి, రేఖ తనను తాను దాటితే మొలకలు బాగా పడినట్టు.

పాలీఅనిలీన్ పెరుగుదలకు పాలీఅనిలీనే ఊతమిస్తుంది. మొదటి రెండు చుట్లు పాలల్లో వేసే తోడు వంటివి. ఆ తోడు పడ్డాక అంత ఎత్తు వోల్టేజీ అక్కర లేదు. అందువల్ల మూడో చుట్టు నుంచి పై హద్దును 0.9 నుంచి 0.8కి దించాలి. చాలా ప్రాజెక్టు నివేదికల్లో మొదటి నుంచి చివరి దాకా 0.9 గాని, ఇంకా పైన గాని ఉంచడం కనిపిస్తుంది. అలా ఉంచితే పొర త్వరగా మందమవుతుంది, నివేదికలో బొమ్మ కూడా ఘనంగా కనిపిస్తుంది. ఆ మందంలో మంచి పాలిమర్ ఎంత, చెడినది ఎంత అన్నది మాత్రం వేరే ప్రశ్న.

దానికి జవాబు రేఖలోనే ఉంది. ఆరోగ్యంగా పెరుగుతున్న పొరలో 0.2 వోల్టు దగ్గర ఒక శిఖరం, పై హద్దుకు దగ్గరగా 0.7, 0.8 మధ్య రెండో శిఖరం వస్తాయి. మొదటిది పూర్తిగా క్షయకరణం చెందిన లేత పసుపు రూపం ఆకుపచ్చని ఎమరాల్డిన్‌గా మారడం. రెండోది ఆ ఎమరాల్డిన్ మరింత ఆక్సీకరణం చెంది నీలి ఊదా రంగు పెర్నిగ్రానిలీన్‌గా మారడం. ఈ పెర్నిగ్రానిలీన్ ఆమ్ల జలంలో ఎక్కువసేపు నిలవలేదు. నీటితో చర్య జరిపి గొలుసు తెగి, బెంజోక్వినోన్ వంటి ముక్కలవుతుంది. ఆ ముక్కలూ, గొలుసుల మధ్య ఏర్పడే అడ్డ బంధాలూ 0.45, 0.5 వోల్టుల దగ్గర మధ్య శిఖరంగా కనిపిస్తాయి. ఆ చిన్న బొడిపె పైకి లేవడం మొదలైతే పై హద్దును ఇంకో 0.05 వోల్టు దించాలి. మధ్య శిఖరం మొదటి శిఖరంతో పోటీ పడేంత ఎత్తుకు వస్తే ఆ పట్టీని పక్కన పెట్టి కొత్తది మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే తెగిన గొలుసును మళ్లీ అతికించే మార్గం లేదు.

ఎప్పుడు ఆపాలన్నదానికి చుట్ల సంఖ్యను కాక, 0.2 వోల్టు దగ్గరి శిఖరం ఎత్తును కొలబద్దగా పెట్టుకోవాలి. ఉపరితలం కాస్త మెరుగ్గా ఉన్న పట్టీ మీద పది చుట్లలో వచ్చిన పొర, మరో పట్టీ మీద పదిహేను చుట్లకు రావచ్చు. శిఖరం ఎత్తు రెండింటిలో ఒకటే అయితే పాలిమర్ పరిమాణం కూడా దాదాపు ఒకటే. ఈ పరిమాణపు పట్టీకి ఆ శిఖరం 0.1 మిల్లీఆంపియరును చేరగానే ఆపడం నాకు సబబుగా తోస్తుంది. పలుచని పొరలోకి ప్రోటాన్లు త్వరగా చొరబడతాయి, కొలత త్వరగా స్థిరపడుతుంది. మందమైన పొర ఎండిన నాచులా పొడిపొడిగా మారి, వంచినప్పుడు అంచుల నుంచి లేస్తుంది. నల్లని కార్బన్ మీద ఆకుపచ్చ రంగు సరిగా తెలియదు. పట్టీని తడిగా ఉండగానే ట్యూబ్‌లైటు కింద కాస్త వాల్చి చూస్తే నలుపు మీద ముదురు ఆకుపచ్చని మెరుపు కనిపిస్తుంది, అంతే.

ఆపేటప్పుడు వోల్టేజీ ఎక్కడ ఉంటే అక్కడ కట్టేయకూడదు. 0.35 వోల్టు దగ్గర ఒక నిమిషం నిలిపి ఉంచితే పొర అంతా వాహకమైన ఎమరాల్డిన్ లవణ రూపంలో స్థిరపడుతుంది. తరువాత పట్టీని తీసి, నేరుగా నీటిలో కాక, ముందు 0.5 మోలార్ ఆమ్లంలో కడగాలి. పొరకు అంటుకున్న అనిలీన్, పొట్టి గొలుసులు అందులో పోతాయి. పొర పెరుగుతుండగా కరెంటు పోతే ముందుగా పట్టీని ద్రావణం నుంచి పైకి తీసేయాలి. కరెంటు తిరిగి వచ్చిన క్షణంలో కొన్ని పరికరాలు అదుపులేని వోల్టేజీని వదులుతాయి.

పొటెన్షియోస్టాట్ లేని డిగ్రీ కళాశాలల్లో కూడా ఈ పని చేయవచ్చు. 9 వోల్టుల బ్యాటరీకి 82 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ను వరుసగా కలిపి, పాజిటివ్ వైపు పట్టీకి, నెగటివ్ వైపు గ్రాఫైట్ కడ్డీకి తగిలిస్తే సుమారు 0.1 మిల్లీఆంపియరు నిలకడగా ప్రవహిస్తుంది. పట్టీకీ, విడిగా పెట్టిన రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌కూ మధ్య మల్టీమీటరు పెట్టి వోల్టేజీని చూస్తూ ఉండాలి. మొలకలు పడేటప్పుడు కాసేపు ఎక్కువగా ఉండి, తరువాత దిగి నిలబడుతుంది. నిలబడ్డాక మళ్లీ పైకి పాకి 0.9 దాటితే వెంటనే తీగ ఊడదీయాలి. పది నిమిషాలకు ప్రవహించే ఆవేశం 60 మిల్లీకూలుంబులు. ఈ పట్టీకి అది మించనవసరం లేదు. రెసిస్టర్ లేకుండా బ్యాటరీని నేరుగా తగిలించడం మాత్రం పొరను కాల్చేయడమే అవుతుంది.

పరీక్ష, క్రమాంకనం

అనిలీన్ లేని ఆమ్లంలో సెకనుకు 20, 50, 100 మిల్లీవోల్టుల వేగాలతో తలా ఒక చుట్టు తిప్పి, 0.2 వోల్టు శిఖరం ఎత్తును చూడండి. వేగంతో పాటు ఎత్తు కూడా అదే నిష్పత్తిలో పెరిగితే పొర కార్బన్‌ను గట్టిగా పట్టుకొని ఉందని అర్థం. ఆ తరువాత పట్టీని మార్కర్ పెన్ను చుట్టూ, పొర బయటివైపుకు ఉండేలా కొన్నిసార్లు, లోపలివైపుకు ఉండేలా కొన్నిసార్లు వంచి, మళ్లీ అదే చుట్టు తిప్పాలి. బయటికి వంచితే పొర సాగుతుంది, లోపలికి వంచితే నలుగుతుంది. ఊడిపోయే పొర రెండో దాంట్లోనే ఎక్కువగా బయటపడుతుంది, కాబట్టి ఒక వైపే వంచి సరిపెట్టకూడదు.

క్రమాంకనానికి, అంటే తెలిసిన పీహెచ్‌తో సరిచూసుకోవడానికి, పీహెచ్ 4, 7 బఫర్ టాబ్లెట్లు చాలు. పరిధి చివరను చూడాలనుకుంటే 9.2 కూడా వాడవచ్చు. కొత్త పొరను మొదట ఒక రాత్రంతా పీహెచ్ 4 బఫర్‌లో నానబెట్టాలి, లేకపోతే మొదటి కొలతలు ఎటో ఒకవైపు జారుతూనే ఉంటాయి. పట్టీకీ రిఫరెన్స్‌కూ మధ్య వోల్టేజీని 10 మెగాఓమ్‌ల లోనిరోధం ఉన్న మామూలు డిజిటల్ మల్టీమీటరుతోనే చదవవచ్చు. పీహెచ్ ఒకటి పెరిగినప్పుడు 25 డిగ్రీల వద్ద సిద్ధాంతం ప్రకారం 59 మిల్లీవోల్టులు తగ్గాలి. 35 డిగ్రీల వద్ద 61. చర్మం మీద కొలిచేటప్పుడు ఈ రెండు మిల్లీవోల్టుల తేడాను లెక్కలోకి తీసుకోవాలి. ఈ వాలు (ఒక పీహెచ్‌కు వచ్చే మార్పు) 50 మిల్లీవోల్టుల కంటే తక్కువగా వస్తే పొరలో చెడిన భాగం ఎక్కువనో, నెయిల్ పాలిష్ కింద నుంచి ద్రావణం పాకి ఖాళీ కార్బన్‌కు తగులుతోందనో అనుమానించాలి. రెండోదాన్ని కనిపెట్టడం తేలిక: పాలిష్ అంచున తెల్లని పొంగు కనిపిస్తుంది.

పట్టీ మీదే రిఫరెన్స్‌ను కూడా అచ్చువేయాలనుకునేవారికి ఒక హెచ్చరిక. వెండి సిరా మీద సిల్వర్ క్లోరైడ్ పూసి వదిలేస్తే, చెమటలోని ఉప్పు మారినప్పుడల్లా దాని వోల్టేజీ మారుతుంది. క్లోరైడ్ పదిరెట్లు మారితే ఒక పూర్తి పీహెచ్ అంత తప్పు వస్తుంది. ఎండలో నడిచి వచ్చిన మనిషి చెమటలో ఉప్పు నిలకడగా ఉండదు. ఆ గీత మీద ఉప్పు నింపిన పాలీవినైల్ బ్యుటిరాల్ అనే ప్లాస్టిక్ పూత వేస్తే లోపలి క్లోరైడ్ గాఢత మారకుండా ఉంటుంది. మొదటి ప్రాజెక్టులో మాత్రం గాజు రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌తోనే అన్నీ తేల్చుకొని, తరువాత దీని జోలికి వెళ్లడం మంచిది.

వాడని పట్టీలను పలుచని ఆమ్లంతో తడిపి, ఆరనిచ్చి, సిలికా జెల్ వేసిన డబ్బాలో చీకట్లో ఉంచాలి. హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెడితే పొర బిగుసుకొని పగులుతుంది. మిగిలిన అనిలీన్ ద్రావణాన్నీ, కడిగిన ఆమ్లాన్నీ సింకులో పారబోయకూడదు. పేరు, తేదీ రాసిన మూత గట్టి సీసాలో విడిగా చేర్చి, కళాశాల రసాయన వ్యర్థాలతో పాటు అప్పగించాలి. చేతొడుగులు, దూది కూడా ఆ వ్యర్థాల కిందికే వస్తాయి.